మిడత చేసిన తప్పు: నిల్వ ఉండని పని

చీమ, మిడత కథను పిల్లల కోసం తిరగరాసేవాళ్ళు ఇప్పుడు ముగింపు మారుస్తున్నారు. చలికాలంలో తలుపు తట్టిన మిడతను చీమ లోపలికి పిలుస్తుంది, తినడానికి పెడుతుంది, మిడత పాట పాడుతుంది, అందరూ సంతోషిస్తారు. పాత ముగింపు మరీ కర్కశంగా ఉందని వాళ్ళ బాధ. అలాంటి తిరగరాత ఒకటి చదివాక నాకు వేరే సందేహం మొదలైంది. ముగింపు మెత్తబడింది గానీ కథలోని తిరకాసు ఎక్కడిదక్కడే ఉంది. 'కష్టపడ్డవాడికి తిండి దొరికింది, సోమరి పస్తున్నాడు' అన్న లెక్కను ఎవరూ కదిలించలేదు. ఆ లెక్కను ఒప్పుకుని, పోనీలే పాపం అని సోమరికి క్షమాభిక్ష పెట్టారంతే.

నా పేచీ ఆ లెక్కతోనే. ఈ కథ ఎవరి కష్టాన్నీ కొలవదు. చలికాలం నాటికి ఎవరి కొట్లో ఏం మిగిలిందో చూసి, మిగిలినదానికి కష్టం అని, మిగలనిదానికి సోమరితనం అని పేరు పెడుతుంది. కష్టం, నిల్వ రెండు వేర్వేరు సంగతులు. ఒకటి ఉన్నచోట రెండోది ఉండాలని ఎక్కడా లేదు.

పాత కథలో గింజలు తడిసి ఉన్నాయి

ఈసప్ పేరు మీద ఉన్న కథలకు పెర్రీ అనే పండితుడు ఇచ్చిన వరస సంఖ్యలే నేటికీ వాడుకలో ఉన్నాయి. మనకు తెలిసిన కథ అందులో 373వది. నాలుగైదు వాక్యాల్లో అయిపోతుంది. అందులో మిడత బదులు సికాడా ఉంటుంది, వేసవిలో చెట్ల మీద చెవులు చిల్లులు పడేలా మోగే పురుగు. సికాడాలు అంతగా కనపడని ఉత్తరాది దేశాలకు కథ చేరాక మిడత ఆ చోటు తీసుకుంది. ఆ మార్పు పెద్ద విశేషమేమీ కాదు. విశేషమంతా మొదటి వాక్యంలో ఉంది: చలికాలంలో చీమలు తడిసిన గింజలను ఆరబెట్టుకుంటున్నాయి.

మనం చెప్పుకునే కథలో ఈ తడి ఆవిరైపోయింది. వేసవిలో మోసి తెచ్చుకుంటే చాలు, చలికాలంలో కూర్చుని తినొచ్చు అన్నట్టు ఉంటుంది. ధాన్యం దాచినవాళ్ళెవరూ ఆ మాట నమ్మరు. గింజ ఊపిరి తీసుకుంటుంది. తేమ ఎక్కువగా ఉంటే ఎక్కువగా తీసుకుంటుంది, ఆ ఊపిరితో వేడీ నీటి ఆవిరీ పుడతాయి, వాటితో పక్క గింజలు చెమ్మగిల్లుతాయి. రాశి మధ్యలో ఒకచోట వేడెక్కడం మొదలైతే బూజు, పురుగు, మొలక ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పైన చూస్తే ఏమీ తెలియదు, చెయ్యి లోపలికి పెడితేనే తెలుస్తుంది. వడ్లను కొన్ని వారాలు ఉంచాలంటే తేమ 14 శాతం దాటకూడదు. ఏడాది దాకా ఉంచాలంటే 13 లోపుకు దించాలి. విత్తనాల నిల్వలో హారింగ్టన్ సూత్రం అని ఒక మోటు లెక్క ఉంది: తేమ 5 నుంచి 14 శాతం మధ్య ఉన్నప్పుడు, ఒక్క శాతం తగ్గించిన ప్రతిసారీ విత్తనం ఆయువు దాదాపు రెట్టింపవుతుంది.

ఎండలో ఆరబెట్టాలంటే 2 నుంచి 4 సెంటీమీటర్ల మందాన పరవాలి. అంతకంటే మందంగా పోస్తే పైన ఎండి కింద పచ్చిగా ఉంటుంది. అరగంటకోసారి కలియబెట్టాలి. వేడి మీదే కొట్లోకి ఎత్తేస్తే లోపల చెమర్చి మళ్ళీ మొదటికే వస్తుంది. ఇదంతా చేశాక కూడా ఎండ కాస్తేనే పని అవుతుంది. ఈసప్ చీమలకు ఆ రోజు ఎండ కాసినట్టుంది. నాలుగు రోజులు ముసురు పట్టి ఉంటే అవి కూడా ఇంకెవరి గుమ్మం ముందో నిలబడేవి, వాటి వేసవి కష్టం ఒక్క గింజ కూడా తగ్గకుండానే.

ఇదే కథకు అన్నలాంటిది 112వ కథ. అందులో చీమ దగ్గరికి ఆకలితో వచ్చేది పేడపురుగు. చలికాలపు వానకు పేడ కరిగిపోయింది, తిండి లేదు. 'నేను పాటుపడ్డప్పుడు నువ్వూ పాటుపడి ఉంటే ఇప్పుడు ఈ గతి పట్టేదా' అంటుంది చీమ. తన కంటే ఎన్నో రెట్లు బరువున్న ఉండను వెనక్కాళ్ళతో దొర్లించుకుంటూ పోయే పురుగుతో ఆ మాట! పేడపురుగుకు పని చేతకాక కాదు, దాని సరుకు వానకు ఆగలేదు. కథ చెప్పినవాడే ఆ కారణాన్ని ఒక వాక్యంలో రాసిపెట్టి, నీతి దగ్గరకు వచ్చేసరికి మరిచిపోయాడు.

మూడింట ఒక వంతు

పోనీ తడి, పురుగు, వాన పక్కన పెడదాం. దాచింది దాచినట్టే ఉంటుందనుకుందాం. అప్పుడైనా కష్టం నిల్వగా మారుతుందా? సంవత్సరంలో 8 నెలలు పని దొరుకుతుంది, 4 నెలలు దొరకదు. రోజుకు ఒక పాలు (ఒక వాటా) తిండి కావాలి. 8 నెలల సంపాదన 12 నెలలకు రావాలంటే రోజుకు పాలున్నర సంపాదించాలి, అంటే ప్రతిరోజూ సంపాదనలో మూడింట ఒక వంతు తినకుండా పక్కన పెట్టాలి.

రోజుకు 1.4 పాళ్ళు సంపాదించేవాడిని తీసుకోండి. ఒక్కరోజు కూడా మానలేదు, ఒక్క గింజ వృథా చెయ్యలేదు. 8 నెలల్లో వాడు దాచింది 3.2 నెలల తిండి. చలికాలం చివర 24 రోజులు పస్తు. రోజుకు 3 పాళ్ళు సంపాదించేవాడు 4 నెలలు పనిచేసి 4 నెలలు పాటలు పాడుకున్నా ఏడాదంతా కడుపు నిండా తింటాడు. కథను ఈ ఇద్దరికీ పెట్టి చూస్తే చీమ ఎవరు, మిడత ఎవరు? గుమ్మం ముందు నిలబడ్డవాడు మొదటివాడు. 'వేసవంతా ఏం చేశావు' అని అడగగలిగే చోట ఉన్నవాడు రెండోవాడు.

సరిగ్గా పాలున్నర సంపాదించేవాడికి కూడా హామీ లేదు. దాచినదాంట్లో పదో వంతు పురుగుల పాలైతే 12 రోజుల తిండి పోయింది. ఆ 12 రోజులు వాడూ మిడతే. 'కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి' అని మన సామెత. నిజమే గానీ, కొండ ఉన్నవాడికి చెప్పే మాట అది.

మిగలనివన్నీ సోమరి పనులేనా

మిడత ఏం చేసింది? పాడింది. పాట పని కాదని కథ అంటుంది. కీటకాల్లో పాట ఆషామాషీ వ్యవహారం కాదు. మిడత వెనక్కాలి తొడ లోపలివైపు వరసగా ఉండే చిన్న బుడిపెలను రెక్కకు రాపాడిస్తే ఆ శబ్దం వస్తుంది. సికాడా మగపురుగు పొట్టకు రెండు పక్కలా ఉండే పొరలను కండరాలతో లోపలికీ బయటికీ లాగి మోగిస్తుంది. ఆడపురుగును పిలవడానికే ఇదంతా, పిలవకపోతే వంశం లేదు. పిలవడంలో ముప్పూ ఉంది: మిడతకు దగ్గరి బంధువైన కీచురాయి పాట విని వెతుక్కుంటూ వచ్చి దాని మీద తన పిల్లపురుగులను వదిలే ఈగజాతి ఉంది. అవి కీచురాయిని లోపలినుంచి తినేస్తాయి.

చలికాలానికి మిడత ఏర్పాటు చెయ్యలేదన్నదీ తప్పే. ఆడమిడత పొట్ట చివరతో నేలను తొలిచి గుడ్లను ఒక గుత్తిగా పెట్టి నురగతో కప్పుతుంది. నురగ గట్టిపడి తొడుగు అవుతుంది. చలి దేశాల్లో చాలా జాతుల మిడతలు ఆ గుడ్ల రూపంలోనే చలికాలం దాటుతాయి, పెద్దవి అప్పటికే చచ్చిపోతాయి. అడుక్కోవడానికి రావలసిన మిడత అసలు బతికి ఉండదు. అది దాచింది తనకోసం కాదు కాబట్టి కథలో దానికి లెక్క లేకుండా పోయింది.

మనుషుల్లోకి వస్తే ఇది ఇంకా ముదురుతుంది. వంట చేస్తే పూట గడిచేసరికి గిన్నె ఖాళీ. ఊడ్చిన వాకిలి రేపటికి మళ్ళీ ఊడ్చాలి. మంచం పట్టినవాళ్ళకు పక్కలు మార్చడం, పసిపిల్లను రాత్రంతా ఎత్తుకుని తిరగడం, పాఠం చెప్పడం, ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చోవడం, వీటిలో ఏదీ గాదెలో పోసి మూత పెట్టేది కాదు. చేసిన రోజే ఖర్చైపోతుంది. చలికాలం వచ్చాక గాదెలు తెరిచి కొలిచే పద్ధతిలో ఈ పని చేసినవాళ్ళందరి పేరు పక్కనా సున్నా పడుతుంది. కథ పిల్లలకు నేర్పే చెడ్డ అలవాటు ఇదేనని నా అభిప్రాయం. దయ లేకపోవడం దీని తర్వాతి సంగతి.

కొత్త ముగింపులు ఇక్కడే బోల్తా పడతాయి. పాటతో చలికాలం హాయిగా గడిచింది కాబట్టి మిడతకు తిండి పెట్టడం న్యాయమే అంటాయి. అంటే పాట కూడా చలికాలంలో పనికొచ్చే సరుకే అని రుజువు చేసుకోవాలి. పాడలేని మిడత వచ్చి ఉంటే?

పుట్టలో ఖాళీగా ఉన్నవాళ్ళు

చీమ సంగతి చూద్దాం. గింజలు దాచే చీమలు నిజంగానే ఉన్నాయి. ఉత్తర ఐరోపా చీమలు దాచవు, చలికాలమంతా కదలకుండా ముడుచుకుని ఉంటాయి. వాటినే చూసిన పండితులు పాతవాళ్ళ మాట కట్టుకథ అనుకున్నారు. 1873లో మోగ్రిడ్జ్ అనే ప్రకృతి పరిశోధకుడు మధ్యధరా తీరపు చీమల గూళ్ళు తవ్వి చూసి, లోపల గింజల గదులున్నాయని పుస్తకం వేశాక ఆ సందేహం తీరింది. తడిసిన గింజలను బయటికి తెచ్చి ఆరబెట్టడం కూడా నిజమే. ఈసప్ కాలపువాళ్ళు కళ్ళతో చూసిందే చెప్పారు.

వాళ్ళు చూడలేనిది గూటి లోపలి సంగతి. అమెరికాలో డోర్న్‌హాస్, షార్బొనో అనే ఇద్దరు టెమ్నోథొరాక్స్ అనే చిన్న చీమల మీద రంగు చుక్కలు పెట్టి ఏది ఎంత పనిచేస్తుందో వీడియోలో లెక్కపెట్టారు. సుమారు 40 శాతం పని చీమలు చూసినప్పుడల్లా దాదాపు ఖాళీగానే ఉన్నాయి. 2017లో వాళ్ళు ప్రకటించిన ప్రయోగంలో బాగా పనిచేసే 20 శాతాన్ని తీసేస్తే వారంలోపు ఖాళీగా ఉన్నవాటిలోంచే కొన్ని వాటి స్థానంలోకి వచ్చాయి. ఖాళీగా ఉండే 20 శాతాన్ని తీసేస్తే మాత్రం ఆ ఖాళీని ఎవరూ నింపలేదు. 2018లో అమెరికా విశ్వవిద్యాలయం జార్జియా టెక్‌వాళ్ళు నిప్పుచీమలు సొరంగం తవ్వడం గమనిస్తే 30 శాతం చీమలు 70 శాతం పని చేస్తున్నాయని తేలింది. సన్నటి దారిలో అందరూ ఒకేసారి దిగితే ఎవరూ కదలలేరు, మిగతావి తప్పుకోవడమే పనికి మేలు.

తేనెకుండ చీమలనే ఎడారి జాతిలో ఇది మరీ విచిత్రం. కొన్ని చీమలు గూటి కప్పు పట్టుకుని నెలల తరబడి వేలాడుతూ ఉంటాయి. మిగతావి తెచ్చిన తీపి రసాన్ని వాటి పొట్టలో నింపుతాయి, పొట్ట ద్రాక్షపండంత అవుతుంది. కరువు వచ్చినప్పుడు అవే పోసిపెడతాయి. కదలకుండా కూర్చున్న చీమే అక్కడ గాదె.

గింజల చీమల్లో బయటికి వెళ్ళి మోసుకొచ్చేది సాధారణంగా గూట్లోని ముసలి చీమలు. బయట తిరగడం ప్రమాదం కాబట్టి ఆ పనిలోకి దిగాక చాలావరకు ఎక్కువకాలం బతకవు. ఎండలో గింజ మోసిన చీమ, చలికాలంలో ఆ గింజ తిన్న చీమ చాలాసార్లు ఒకటి కావు. చీమ రోజూ పని చెయ్యనివాళ్ళకు పెడుతూనే ఉంది, 'వేసవిలో నువ్వెక్కడున్నావు' అని గూట్లో ఎవరూ ఎవరినీ అడగరు. ఆ ప్రశ్న బయటినుంచి వచ్చినవాడికే. మిడతకు అడ్డొచ్చింది సోమరితనమా, పరాయితనమా అన్నది నాకు ఇప్పటికీ తేలని సందేహం.

కథకు ఇంత శాస్త్రం ఎందుకు?

'అది కథ, మాట్లాడే చీమను నమ్మినవాళ్ళకు పేడపురుగు బరువుతో పనేమిటి' అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. జీవశాస్త్రంతో కథను ఓడించలేం. సికాడా తరఫున గట్టిగా వాదించిన ఫ్రెంచి కీటకశాస్త్రవేత్త ఫాబ్ర్ కూడా దానివల్ల కథను ఆపలేకపోయాడు. సికాడా మూతితో బెరడుకు రంధ్రం చేసి రసం తాగుతుంటే చీమలే గుంపుగా వచ్చి దాని కాళ్ళు కొరికి తరిమి ఆ రసం తాగుతాయని, అడుక్కునేది, దోచుకునేది చీమేనని చూసి రాశాడు. సికాడా నాలుగేళ్ళు నేల కింద ఉండి పైకొచ్చి కొద్ది వారాలే పాడుతుందని కూడా లెక్క చెప్పాడు. ఆ పుస్తకం వచ్చి శతాబ్దం దాటింది, పిల్లల పుస్తకాల్లో చీమ చీమలాగే ఉంది.

అయినా ఒక మాట. ఈ కథ బలం ప్రకృతి సాక్ష్యం మీద ఉంది. 'చీమను చూసి నేర్చుకో' అంటాం. సాక్షిని మనమే పిలిచాక, ఆ సాక్షిని నాలుగు ప్రశ్నలు అడిగే హక్కు వినేవాళ్ళకు ఉంటుంది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి. ముందుచూపు అవసరం లేదా? అవసరమే, ఈ కథలో నాకు నచ్చిన భాగం అదొక్కటే. రాబోయే చలికాలం తెలిసి, దాచగలిగే స్థోమత ఉండి, దాచకపోవడం తెలివితక్కువే. మూడు పాళ్ళ సంపాదనవాడు మూడూ తినేసి చలికాలంలో చేతులు చాస్తే నాకూ చిరాకే. 'దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి' అని చెప్పాలనుకుంటే ఆ సామెత చాలు. అందులో ఇల్లు ఉంది, దీపం ఉంది, ఎవరినీ గుమ్మం ముందు నిలబెట్టి నవ్వడం లేదు.

అప్పు అడిగిన సికాడా

అందరికీ పెడుతూ పోతే ఎవరు దాస్తారు? చీమ వైపు వాదంలో అన్నిటికంటే బరువైనది ఇదే. ఒక మిడతకు పెడితే వచ్చే ఏడాది వంద వస్తాయి, పుట్ట ఖాళీ అవుతుంది. నేను దీన్ని కొట్టిపారెయ్యను. కాకపోతే పెట్టడం, పొమ్మనడం అనే రెండే దారులున్నట్టు కథ మనల్ని ఇరికిస్తుంది. 1668లో లా ఫొంతేన్ అనే కవి ఈ కథను ఫ్రెంచిలో రాసినప్పుడు ఇంకో దారి చూపించాడు. ఆయన సికాడా దానం అడగదు, అప్పు అడుగుతుంది: వచ్చే కోతలలోపు అసలు, వడ్డీ కలిపి తీర్చేస్తానని జంతువు మాట మీద ఒట్టు వేస్తుంది. చీమకు అప్పిచ్చే గుణం లేదు, దాని లోపాల్లో అది చిన్నదే అని కవి ఒక చురక వేస్తాడు. మిగతా పెద్ద లోపాలు మనం ఊహించుకోవాలి. చివర నీతి వాక్యం రాయలేదు. రాయకపోవడమే నాకు నచ్చుతుంది, చీమ వైపు మొగ్గాలో లేదో చదివేవాడికే వదిలేశాడు.

పిల్లలు ఎటు మొగ్గుతారో తత్వవేత్త రూసో 1762లో తన పుస్తకం 'ఎమీల్‌'లో చెప్పాడు. సికాడాను చూసి బుద్ధి తెచ్చుకుంటారని పెద్దలు అనుకుంటారు, పిల్లలు చీమ వేషం ఎంచుకుంటారు. ఓడిపోయే వేషం ఎవరికి కావాలి? ఆ వేషంలో నేర్చుకునేది పొదుపు కాదు, లేదనడం, లేదన్నాక వెక్కిరించడం. చివర చీమ అనే 'పాడావుగా, ఇప్పుడు ఆడు' అన్న వాక్యం మీద పిల్లలు నవ్వే తీరు చూసినవాళ్ళకు రూసో మీద కోపం రాదు.

ఈ కథ పిల్లలకు చెప్పొద్దని నేను అనను. చెప్పే పద్ధతిలో రెండు మార్పులు చాలు. నీతి వాక్యం చదవకుండా చీమ జవాబు దగ్గర ఆపి, 'మిడత దగ్గర గింజలు ఎందుకు లేవు' అని అడగాలి. 'సోమరి కాబట్టి' అనేది మొదటి జవాబు. 'ఇంకా?' అని అడుగుతూ ఉంటే వాన, పురుగు, తక్కువ దొరకడం, దొంగలు ఎత్తుకుపోవడం, జబ్బు చెయ్యడం ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఆరేళ్ళు దాటినవాళ్ళకు ఇది తేలిక. అంతకంటే చిన్నవాళ్ళు ఆకలి దగ్గరే ఆగిపోతారు, ఆగనివ్వాలి.

రెండోది, దీని పక్కన ఇంకో చీమ కథ పెట్టడం. సుమతీ శతకంలో 'చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైన యట్లు' అన్న పద్యం చాలామందికి వచ్చు. పామరుడు కూడబెట్టిన బంగారం చివరికి రాజుల పాలు అంటుంది అది. (పాములు చేరే పుట్టలు పెట్టేది నిజానికి చెదపురుగులు, చీమలు కావు. కవికి దాంతో పనిలేదు.) కష్టపడి దాచిన చీమను ఒక కథలో మెచ్చుకుని, ఇక్కడ అదే చీమను పామరుడికి పోలిక చేస్తాం. రెండూ ఒకే వయసులో వల్లె వేస్తాం, రెండింటికీ పొసగదని ఎవరికీ అనుమానం రాదు.

పిల్లలు కాస్త పెద్దవాళ్ళైతే ఈసప్‌దే ఇంకో కథ ఉంది, పెర్రీ సంఖ్య 166. చీమ ఒకప్పుడు మనిషి, రైతు. తన పంట చాలక పక్కవాళ్ళ పొలాల మీద కన్నేసి దొంగిలించేవాడు. గ్రీకు దేవతల రాజు జ్యూస్‌కు కోపం వచ్చి చీమను చేశాడు. ఒళ్ళు మారింది గానీ బుద్ధి మారలేదు, ఇప్పటికీ పొలాల వెంట తిరుగుతూ ఇతరుల గోధుమలు, బార్లీ ఏరుకుని తన గూట్లో దాచుకుంటుంది. ముందు 373 చెప్పి, దాని గురించి మాటలు అయ్యాక 166 చెప్పాలి. వరస తిరగేస్తే చీమను మొదటినుంచే దొంగను చేసినట్టు అవుతుంది, అప్పుడు ఆలోచించడానికి ఏమీ మిగలదు.